ముళ్లూ అంకెలూ లేని బెర్లిన్ గడియారం

మా అమ్మమ్మ బియ్యం కొలుస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. ముందు మానిక. నిండా ముంచి, పైన అరచేత్తో సమంగా తుడిచి, ‘లాభం’ అంటూ సంచిలో పోసేది. ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆ తర్వాతే రెండు, మూడు. ఇక మానిక నిండదనుకున్నాక తవ్వ తీసేది, అదీ నిండకపోతే సోల. రెండు సోలలు తవ్వెడు, రెండు తవ్వలు మానెడు. అందుకే ఆమె చేతిలో సోల రెండోసారి నిండడం నేనెప్పుడూ చూడలేదు. అన్ని బియ్యమే ఉంటే ముందే తవ్వలోకి వెళ్లిపోయేవి.

బెర్లిన్‌లో రోడ్డు పక్కన ఒక గడియారం కాలాన్ని అచ్చం ఇలాగే కొలుస్తుంది. దానికి ముళ్లు లేవు, అంకెలు లేవు. ఒక స్తంభం మీద నాలుగు వరుసల దీపపు గడులు, వాటి నెత్తిన ఒక గుండ్రటి దీపం, అంతే. పై వరుసలో నాలుగు ఎర్ర గడులు, ఒక్కోటి అయిదు గంటలు. రెండో వరుసలోనూ నాలుగు ఎర్రవే, ఒక్కోటి ఒక గంట. మూడో వరుసలో పదకొండు గడులు, ఒక్కోటి అయిదు నిమిషాలు. చివరి వరుసలో నాలుగు పసుపు గడులు, ఒక్కోటి ఒక నిమిషం. పైనున్న గుండ్రటి దీపం ఒక సెకను వెలిగి, ఒక సెకను ఆరుతుంది.

చదివి చూద్దాం. పై వరుసలో మూడు వెలిగాయి: పదిహేను. దాని కింద రెండు: పదిహేడు గంటలు, అంటే సాయంత్రం అయిదు. మూడో వరుసలో ఏడు: ముప్ఫై అయిదు నిమిషాలు. చివరి వరుసలో మూడు. అయిదు గంటల ముప్ఫై ఎనిమిది నిమిషాలన్నమాట. మొదటిసారి కాస్త తడబడతాం. పది నిమిషాలు అక్కడే నిలబడితే అలవాటైపోతుంది.

దీన్ని తయారుచేసింది డీటర్ బిన్నింగర్. బెర్లిన్ సెనేట్, అంటే ఆ నగర ప్రభుత్వం, చేయించగా, 1975 జూన్ 17న పశ్చిమ బెర్లిన్‌లో కుర్‌ఫ్యుర్‌స్టెన్‌డామ్, ఊలాండ్ వీధులు కలిసే మూలలో నిలబెట్టారు. జర్మన్లు దీన్ని ‘మెంగెన్‌లేరె ఊర్’ అంటారు, అంటే సమితి సిద్ధాంతపు (సెట్ థియరీ) గడియారం. ఆ రోజుల్లో పశ్చిమ జర్మనీలో చిన్న తరగతుల పిల్లలకే లెక్కల్లో సమితులు నేర్పడం మొదలుపెట్టారు. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ లెక్కలు కొరుకుడు పడేవి కావు. నా మట్టుకు నాకు ఇందులో సమితుల కన్నా స్థానవిలువే ఎక్కువ కనిపిస్తుంది. ఒక వరుసలో అయిదోది రావాల్సిన క్షణాన ఆ వరుస మొత్తం ఆరిపోయి, పై వరుసలో ఒక గడి వెలుగుతుంది. మూడో వరుసలో పన్నెండోది ఎందుకు లేదంటే, పన్నెండు అయిదులు అరవై, అది పై వరుసకు చేరాల్సిన గంట. ఈ నాలుగు వరుసలనూ 1500 రకాలుగా వెలిగించవచ్చు. రోజుకున్న నిమిషాలు 1440. మిగిలిన 60 రకాలూ ఇరవై అయిదో గంట కిందికి వస్తాయి.

ఈ అమరికలో నాకు అన్నిటికన్నా నచ్చినది మన కంటికి సంబంధించిన సంగతి. 1871లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లిష్ పండితుడు పెట్టెలోకి గుప్పెడు చిక్కుడు గింజలు విసిరి, ఒక్క చూపులో ఎన్ని పడ్డాయో చెప్పే ప్రయత్నం చేశాడు. వెయ్యిసార్లకు పైగా విసిరాడు. మూడు, నాలుగు గింజలు పడినప్పుడు ఒక్కసారి కూడా పొరబడలేదు. అయిదు దగ్గర పొరపాట్లు మొదలయ్యాయి, అక్కణ్ణుంచి పెరుగుతూ పోయాయి. నాలుగు వరకూ మనం లెక్కపెట్టం, ఊరికే చూస్తే తెలిసిపోతుంది. నాలుగు దాటితే ఒకటీ రెండూ అంటూ లెక్కపెట్టాలి, లేదా గుంపులుగా విడగొట్టుకోవాలి. బెర్లిన్ గడియారంలో మూడు వరుసలకు నాలుగే గడులు. పదకొండున్న వరుసలో మాత్రం మూడోది, ఆరోది, తొమ్మిదోది ఎరుపు, తక్కినవన్నీ పసుపు. ఎర్రవి పావు, అర, ముప్పావు గంటల గుర్తులు. రెండు ఎర్రవి వెలిగి, వాటి పక్కన ఇంకో పసుపు వెలిగిందంటే అర గంటా అయిదు నిమిషాలు. అక్కడ కూడా కన్ను మూడుకు మించి లెక్కపెట్టనక్కర్లేదు.

చిక్కంతా బల్బులతో వచ్చింది. ముళ్ల గడియారంలో దీపం పోతే మసకగానైనా టైము కనిపిస్తుంది. ఇక్కడ దీపమే అంకె. పై వరుసలో వెలగాల్సిన గడి ఒకటి చీకటైతే గడియారం అయిదు గంటలు తక్కువ చెబుతుంది. సెకన్ల దీపమైతే రోజుకు 43,200 సార్లు వెలిగి ఆరాలి. ఫిలమెంట్ బల్బులో టంగ్‌స్టన్ తీగ ఆ వేడికి కొద్దికొద్దిగా ఆవిరై గాజు లోపలికి అంటుకుంటుంది. పాత బల్బు లోపల మసిలా కనబడేది అదే. తీగ సన్నబడ్డ చోట మరింత వేడెక్కి, చివరికి అక్కడే తెగుతుంది. చల్లటి తీగకు నిరోధం తక్కువ కాబట్టి స్విచ్ వేసిన క్షణాన కరెంటు ఒక్కసారిగా ఎక్కువ పారుతుంది. మన ఇళ్లల్లో కూడా బల్బు వేయగానే టప్పున పోయేది ఇందుకే.

మాటిమాటికీ బల్బులు మార్చడం భరించలేక బిన్నింగర్ ఏళ్ల తరబడి మన్నే బల్బు తయారీకి పూనుకున్నాడు. వోల్టేజీ 5 శాతం తగ్గిస్తే చాలు, బల్బు ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. అయితే వెలుతురు తగ్గి పసుపుబారుతుంది, అదే కరెంటుకు తక్కువ కాంతి వస్తుంది. ఈ బేరంలో మెరుగైన చోటు వెతకడమే ఆయన పని. తన బల్బుకు పేటెంట్లు కూడా సంపాదించాడు. 1991లో విమాన ప్రమాదంలో ఆయన చనిపోయాడు. గడియారం గురించి చదవబోయి ఈ మనిషి దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఊరికి వేళ చెప్పే దీపాలు ఆరిపోకూడదని అంత తాపత్రయపడ్డవాడు!

నిర్వహణ ఖర్చు మోయలేక 1995లో గడియారాన్ని ఆ మూల నుంచి తీసేశారు. మరుసటి ఏడాది స్థానిక వ్యాపారులు పూనుకోవడంతో బుడాపెస్టర్ వీధిలో యూరోపా సెంటర్ అనే దుకాణాల సముదాయం ముందు మళ్లీ నిలబెట్టారు. సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లు సాధన కోసం రాసే ప్రోగ్రాముల్లో ఇదొకటి: సమయం ఇస్తే ఏయే గడులు వెలగాలో చెప్పమంటారు. హైదరాబాద్‌లో కోడ్ రాసేవాళ్లలో ఈ లెక్క చేసినవాళ్లకు, ఆ వీధి చూడకపోయినా ఈ గడియారం పరిచయమే.

అక్కడికి వెళ్లే అవకాశం ఎవరికైనా దొరికితే రాత్రి ఎనిమిదికి ఒక్క నిమిషం ముందు దాని ఎదుట నిలబడండి. పై వరుసలో మూడు, రెండో వరుసలో నాలుగు, మూడో వరుసలో పదకొండు, చివర నాలుగు: ఇరవై రెండు గడులు వెలుగుతుంటాయి. ఎనిమిది కొట్టగానే వాటిలో పంతొమ్మిది ఒక్కసారిగా ఆరిపోతాయి. పై వరుసలో కొత్తగా ఒక ఎర్ర గడి వెలుగుతుంది. నెత్తిన గుండ్రటి దీపం మాత్రం వెలుగుతూ ఆరుతూనే ఉంటుంది.