లక్ష రాళ్ళు వేసినా రాలని కాయ

పక్కింటి డాబా మీద సెల్ టవర్ పెడుతున్నారు, రేడియేషన్‌తో పిల్లలకి క్యాన్సర్ వస్తుందేమోనని కాలనీ అంతా టెన్షన్ పడుతోంది, నిజమేనా అని ఒక పాఠకురాలు అడిగారు. సూటిగా చెప్తాను: ఆ టవర్ కంటే మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండ మీ పిల్లల చర్మానికి ఎక్కువ హాని చేస్తుంది. ఎందుకన్నది విద్యుదయస్కాంత వర్ణపటంలో ఉంది. రేడియో తరంగాల నుంచి గామా కిరణాల దాకా ఉండే ఆ పట్టిక అందరం బడిలో బట్టీ పట్టి, పరీక్షలో దించేసి మరిచిపోయిందే, మళ్ళీ వల్లించను. అన్నీ ఒకే జాతి, కంటికి కనిపించే వెలుతురు అందులో సన్నటి ముక్క, అంతే. నాకు ముచ్చటేసే సంగతి వేరే ఉంది. ఈ కిరణాలు శక్తిని విడివిడి పొట్లాలుగా తెస్తాయి, వాటినే ఫోటాన్లంటాం, అణువు విరుగుతుందా లేదా అన్నది ఒక్కో ఫోటాన్ ఎంత మోసుకొచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎన్ని వచ్చాయన్నది తర్వాతి మాట.

20 అడుగుల ఎత్తున మామిడికాయ ఉంది, కింద పిల్లలు రాళ్ళు విసురుతున్నారు. పది అడుగులే విసరగల పిల్లలు లక్షమంది వచ్చి పొద్దుగూకేదాకా విసిరినా కాయ రాలదు. 25 అడుగులు విసరగలిగేవాడు ఒక్కడొస్తే, ఒక్క రాయితో పని అయిపోతుంది. ఆ కాయే మన డీఎన్ఏలో పరమాణువులని పట్టి ఉంచే బంధం. దాన్ని తెంచడానికి సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టులు (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలత) కావాలి. ఫోటాన్ శక్తి లెక్క చాలా తేలిక, 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చేస్తుంది. 540 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుతురుకి 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు. మరి 900 మెగాహెర్ట్జ్ సెల్ సిగ్నల్‌కి? తరంగదైర్ఘ్యం 33 సెంటీమీటర్లు, అంటే 33 కోట్ల నానోమీటర్లు, ఫోటాన్ శక్తి 0.0000037. మన చెట్టు కొలతల్లో చూస్తే ఆ రాయి అంగుళంలో వెయ్యో వంతు కూడా లేవదు! 5జీ మాటేమిటంటారా, 26 గిగాహెర్ట్జ్ వేసుకున్నా మిల్లీమీటరులో ఆరో వంతు. అసలు మన ఒంటి వేడికి అణువులు వాటంతట అవి కదిలే కదలికే ఆ చెట్టు దగ్గర అంగుళంన్నర ఎత్తు.

లోహం మీద పడే కాంతి విషయంలో దీన్ని మొదట గమనించింది జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్ కావడం తమాషా. రేడియో తరంగాలు ఉన్నాయని నిరూపించిన ఆ ప్రయోగాల్లోనే, 1887లో, అతినీలలోహిత కాంతి పడితే నిప్పురవ్వ సులువుగా దూకుతోందని చూశాడు. మధ్యలో అతినీలలోహితాన్ని ఆపే గాజు పెడితే ఆ ప్రభావం పోయింది, దాన్ని వదిలేసే క్వార్ట్జ్ పెడితే పోలేదు. 1902లో లెనార్డ్ అనే మరో శాస్త్రవేత్త, కాంతిని ఎంత పెంచినా లోహం నుంచి బయటికొచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్యే పెరుగుతోంది గాని వాటి వేగం పెరగడం లేదని తేల్చాడు. 1905లో ఐన్‌స్టీన్ కారణం చెప్పాడు, కాంతి శక్తి విడివిడి పొట్లాలుగా వస్తుందని; నోబెల్ కూడా దీనికే, అందరూ అనుకునే సాపేక్షతకి కాదు.

పిల్లల్లో ఒకడు రెండోవాడి భుజాలెక్కి విసిరితే? ఆ మాటా 1931లోనే భౌతిక శాస్త్రవేత్త మరియా గోపర్ట్-మేయర్ లెక్క కట్టింది, ఒకే క్షణంలో రెండు ఫోటాన్లు కలిసి తగిలితే పని జరగొచ్చని. దాన్ని చూపించడానికి లేజర్లు రావాల్సొచ్చింది, 1961 దాకా కుదరలేదు. సెల్ టవర్ విషయంలో ఇద్దరు చాలరు, పది లక్షలమంది ఒకడి మీద ఒకడు ఎక్కాలి.

లక్షమంది ఒక్కసారి మీద పడితే చెట్టు ఊగుతుంది కదా అంటే, నిజమే. దాన్నే వేడి అంటాం. మైక్రోవేవ్ ఓవెన్ 800 వాట్లని ఇనప పెట్టెలో బంధించి చేసేది అదే. ఫోన్లకి, టవర్లకి పరిమితులు పెట్టింది కూడా ముఖ్యంగా ఈ వేడి గురించే. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఈ తరంగాలని 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు' అన్న వర్గంలో పెట్టింది, సాక్ష్యం పరిమితమని కూడా అక్కడే రాసింది. ఫోన్ వెనక అంటించే యాంటీ రేడియేషన్ స్టిక్కర్లు కొనేవాళ్ళకి ఒక మాట: అది సిగ్నల్‌ని నిజంగా ఆపితే ఫోన్ టవర్‌ని అందుకోవడానికి పవర్ ఇంకా పెంచుతుంది, ఆపకపోతే మీ డబ్బు దండగ.

ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేయండి. టీవీ రిమోట్ బల్బుని ఫోన్ ముందు కెమెరాకి చూపించి బటన్ నొక్కండి, కంటికి కనపడని వెలుగు స్క్రీన్ మీద లేత ఊదాగా మెరుస్తుంది. కెమెరాలోని సిలికాన్ కాయ 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తునే ఉంది, 940 నానోమీటర్ల రిమోట్ రాయి 1.32 దాకా వెళ్తుంది. అదే కెమెరా మీ ఒంటి వేడిని పట్టలేదు, ఆ పరారుణ ఫోటాన్ సుమారు 0.12 దగ్గరే ఆగిపోతుంది.

కాయ నిజంగా రాలేది అతినీలలోహితం దగ్గర మొదలు. రోడ్డు పక్క వెల్డింగ్ షాపులో అద్దం లేకుండా ఆర్క్‌ని చూస్తూ నిలబడే కుర్రాళ్ళకి అప్పటికేమీ తెలియదు. రాత్రికి కళ్ళు ఎర్రబడి, కంట్లో నలక పడ్డట్టు మంట. కనుగుడ్డు పైపొర కణాలు దెబ్బతిని ఊడిపోవడానికి కొన్ని గంటలు పడుతుంది మరి. ఎండలో చర్మానికీ ఇంతే, డీఎన్ఏలో అక్షరాల్లాంటి ముక్కల్లో ఒక రకమైన థైమీన్లు పక్కపక్కనున్నవి రెండు అతుక్కుపోతాయి, కణం వాటిని సరిచేసుకోలేనప్పుడే ఇబ్బంది. గ్రహణం రోజు గర్భిణిని చీకటి గదిలో పడుకోబెట్టేవాళ్ళు మాత్రం మిగతా రోజుల్లో ఎండ గురించి ఆలోచించరు. గ్రహణానికి సూర్యుడు కొత్త కిరణాలేమీ పంపడు, తేరిపార చూస్తే రెటీనా పోతుంది, అంతే.

గామా దగ్గరికొస్తే లెక్క మరీ విచిత్రం. గామా కిరణాలు వెదజల్లే కోబాల్ట్-60 ఫోటాన్ పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకి పైమాటే. ఒళ్ళంతా ఒకేసారి 4 గ్రే (ఒంట్లో దిగిన రేడియేషన్ శక్తికి కొలత) పడితే, వైద్యం అందని మనుషుల్లో దాదాపు సగంమంది బతకరు. ఆ మోతాదుకి ఒంటి ఉష్ణోగ్రత పెరిగేది ఒక డిగ్రీలో వెయ్యో వంతు. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో కోబాల్ట్ ఉన్న పాత యంత్రాన్ని విప్పినవాళ్ళకి ప్రమాదం ఏమాత్రం తెలియలేదు, ఒకరు చనిపోయారు. అదే కోబాల్ట్‌ని గురిపెట్టి కొడితే క్యాన్సర్ గడ్డ కరుగుతుంది.

అందుకని అడగాల్సిన చోటు టవర్ కాదు, స్కానింగ్ సెంటర్. ఛాతీ సీటీ స్కాన్ ఒకటి సుమారు 7 మిల్లీసీవర్టులు (ఒంటికి రేడియేషన్ చేసే హానికి కొలత), ప్రకృతి నుంచి ఏడాదంతా మనకి తగిలేది ప్రపంచ సగటున 2.4. జలుబు చేసిందని మనంతట మనమే సీటీ తీయించుకోవడం వద్దు, డాక్టరు అవసరమని రాస్తే మానొద్దు.