మెరాపి కొండ దిగే ఉన్నిగొర్రెలు

"లావా మనిషి నడకంత మెల్లగా పారుతుందంటారు కదా, అగ్నిపర్వతం పక్కనున్న వాళ్లు తప్పుకోవచ్చు కదా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఈ అనుమానం రావడానికి కారణం పాఠ్యపుస్తకంలోని బొమ్మే. కొండ, మధ్యలో గొట్టం, అంచుల మీదుగా ఎర్రటి లావా, అంతటితో పాఠం సరి. ఎక్కువమందిని చంపే సంగతికి అందులో చోటే లేదు.

ఇండోనేషియాలోని మెరాపిని చూడండి. జావా దీవి నడుమ, యోగ్యకర్త నగరానికి ఉత్తరాన దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. దీని లావాకు జిగట ఎక్కువ. పారలేక శిఖరం మీదే గుమ్మటంలా పేరుకుంటుంది, పెరిగి పెరిగి నిలవలేక ఒక పక్కకు కూలుతుంది. కూలే రాయి ముక్కలవుతుంటే లోపల ఇరుక్కున్న వాయువులు ఎగదన్నుకొస్తాయి. రాళ్లు, బూడిద, వేడి వాయువులు కలిసి గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంతో లోయలోకి దూకుతాయి. శాస్త్రవేత్తలు దీన్ని పైరోక్లాస్టిక్ ప్రవాహం అంటారు. జావా జనం 'వెదుస్ గెంబెల్' అంటారు, అంటే ఉంగరాల ఉన్ని గొర్రె. దూరం నుంచి చూస్తే అచ్చం అలాగే ఉంటుంది మరి.

నన్ను ఏళ్లుగా వదలని ప్రశ్న ఇది: పొడి రాతిపిండి నీళ్లలా ఎలా పారుతుంది? సిమెంటు బస్తాను తొట్టిలోకి గుమ్మరించినప్పుడు గమనించండి. క్షణంపాటు అది అలలా ఒరుగుతుంది, గోడకు తగిలి వెనక్కి చిమ్ముతుంది. రేణువుల మధ్య చిక్కిన గాలి పైకి పోవడానికి దారి దొరక్క, వాటి బరువును తానే మోస్తుంది. రేణువు రేణువుకు అంతగా ఒరుసుకోదు కనుక ఘర్షణ బాగా తగ్గిపోతుంది. కాసేపటికి గాలి జారిపోతుంది, సిమెంటు గట్టిగా కూర్చుంటుంది. ఇసుకతో ఇదే చేయండి, కుప్పగా పడుతుందే తప్ప పారదు. రహస్యం రేణువు పరిమాణంలో ఉంది. పొడిలోంచి వాయువు దూరిపోయే సులువు రేణువు వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది. 1 మిల్లీమీటరు రేణువుల బదులు 10 మైక్రాన్ల రేణువులుంటే, అంటే 100 రెట్లు సన్నగా ఉంటే, వాయువు తప్పించుకోవడం 10,000 రెట్లు కష్టం. పైగా అగ్నిపర్వతపు పొడి దొర్లుతూ ఒరుసుకుంటూ మరింత సన్నబడుతుంది. తన కందెనను తానే తయారు చేసుకుంటున్నట్టు లెక్క! న్యూజిలాండ్ మాసీ విశ్వవిద్యాలయంలో అసలు అగ్నిపర్వత పదార్థాన్నే వేడిచేసి వాలు మీదికి వదిలి చూశారు. ప్రవాహం అడుగున పీడనంతో గాలి పొర ఏర్పడుతుందని 2019లో ప్రకటించారు.

సిమెంటు పోలిక ఇక్కడివరకే పనికొస్తుంది. బరువైన అడుగుభాగం లోయను పట్టుకుని పోతుంది. పైనున్న పలచటి, సలసల కాగే బూడిద మేఘం మాత్రం మలుపు దగ్గర దాన్ని విడిచి, గట్టు దాటి ఊళ్ల మీదికి ఎక్కుతుంది. లోయకు ఎడంగా ఉన్నామని ధైర్యం చెప్పుకునే వాళ్లు బలయ్యేది దీనికే.

2006లో మెరాపి రేగినప్పుడు కొండకు సంప్రదాయ కావలి అయిన మ్బా మరిజాన్ ఊరు వదలనన్నారు. ప్రవాహాలు ఆయన ఊరి మీదికి రాలేదు. కొంత దూరంలోని కలియాదెంలో మాత్రం, ఇలాంటి ఆపద కోసమే కట్టిన బంకరులో దాక్కున్న ఇద్దరు చనిపోయారు. ఆయన బతికి బయటపడటంతో కొండ ఆయన మాట వింటుందన్న నమ్మకం బలపడింది. ఆ నిష్ఠను నేను తక్కువ చేయను. కానీ ఆ ఏడు ఆయన్ని కాపాడింది గుమ్మటం ఒరిగిన దిక్కు. 2010 అక్టోబర్ 26న ప్రవాహం ఆయన ఊరికే వచ్చింది, ఆయన అందులోనే కన్నుమూశారు.

ఆ తర్వాత కొత్త గుమ్మటం సెకనుకు దాదాపు 25 ఘనపు మీటర్ల చొప్పున పెరుగుతోందని ఉపగ్రహ రాడార్లు చూపించాయి. మెరాపికి అది విపరీతమైన వేగం. ఖాళీ చేయించే పరిధిని 10 కిలోమీటర్ల నుంచి 15కు, నవంబర్ 5న 20కి పెంచారు. ఆ రోజే ప్రవాహం గెండోల్ నది వెంట సుమారు 15 కిలోమీటర్లు దాటింది. మొత్తంమీద 350 మందికి పైగా చనిపోయారు. లక్షల మంది అప్పటికే కదలకపోయి ఉంటే ఆ సంఖ్య వేలల్లో ఉండేది.

వాలు మీద మిగిలిన బూడిదకు వానలు తగలగానే బురద వరదలు మొదలయ్యాయి. వీటికి ప్రపంచమంతా వాడే 'లాహార్' అన్న మాట జావా భాషదే. 2011 జనవరిలో పుతీ నది వెంట వచ్చిన లాహార్లు యోగ్యకర్త, మగెలాంగ్ నగరాలను కలిపే రహదారిని రాళ్లతో, బురదతో కప్పేశాయి.