కొలత చెప్పని మాస్టారు: జాక్ పెపాన్ మీద గొడవకు అసలు మొదలు ఎక్కడ?

అమెరికాకు టీవీలో వంట నేర్పిన ఫ్రెంచ్ చెఫ్ జాక్ పెపాన్ ఆమ్లెట్ వేసే పాత వీడియో తిరగడం మొదలైతే చాలు, దాని వెనకే ఈ తగాదా కూడా వచ్చేస్తుంది. వెన్న ఎన్ని గ్రాములు? మంట ఎంత? ఎన్ని సెకన్లు ఉంచాలి? వీటిలో సగానికి ఆయన జవాబు చెప్పరు. చెప్పినా పెనం ఊపుతూ, మాట మధ్యలో అనేసి ముందుకు వెళ్లిపోతారు. కొలత లేనిది పాఠం ఎలా అవుతుందని ఒక పక్షం. ఆ చెయ్యి చూస్తే చాలదా అని ఇంకో పక్షం. 2025 డిసెంబరులో ఆయనకు 90 ఏళ్లు నిండాయి. గొడవకు మాత్రం వయసు మీద పడినట్టు లేదు, మళ్లీ మళ్లీ లేచి కూర్చుంటుంది.

ఫ్రాన్స్‌లో పుట్టడం, పదమూడేళ్లకు బడి వదిలేసి హోటల్ వంటింట్లో చేరడం, ఫ్రాన్స్ నేత ద గాల్‌కు వండిపెట్టడం, 1959లో ఓడెక్కి న్యూయార్క్‌లో దిగడం ఎన్నోసార్లు అచ్చయిన విషయాలే. వాటిని వదిలేద్దాం.

ఆయన టీచర్ ఎలా అయ్యారో చెప్పే కథ కూడా ఒకటి స్థిరపడిపోయింది. 1974లో రాత్రి కారులో వెళ్తుంటే రోడ్డు మీదికి జింక వచ్చింది. 14 చోట్ల ఎముకలు విరిగాయి. ఎడమ చెయ్యి తీసేయాల్సి వస్తుందేమో అనుకున్నారు. బతికి బయటపడ్డారు గానీ, రెస్టారెంట్ వంటింట్లో రోజుకు పన్నెండు గంటలు నిలబడే ఒళ్లు కాదది. అలా పాఠాలు చెప్పడంలోకి వచ్చారని చెబుతారు. సినిమాకు సరిపోయే మలుపే. అయితే ఆ ప్రమాదం ఆయన్ని తరగతి గది దాకా తీసుకొచ్చింది, అంతవరకే. లోపలికి వచ్చాక ఏం చెప్పాలో ఆయన అంతకుముందు పదేళ్లలోనే నేర్చుకుని ఉన్నారు. ఆ పదేళ్లు ఎవరికీ పెద్దగా పట్టవు, ఎందుకంటే అవి గడిచింది నారింజ రంగు కప్పులతో రోడ్డు పక్కన కనిపించే ఒక హోటళ్ల గొలుసులో.

న్యూయార్క్‌లో దిగగానే పెపాన్ చేరింది ల పవియాన్ రెస్టారెంట్‌లో. అమెరికాలో ఫ్రెంచ్ వంటకు అప్పట్లో అదే పెద్ద పీట. చెఫ్ పియెర్ ఫ్రానీ, యజమాని ఆన్రీ సూలే. 1960లో పనిగంటల మీద, జీతాల మీద ఇద్దరికీ చెడింది. ఫ్రానీ బయటికి వచ్చేశారు, పెపాన్ కూడా వచ్చేశారు. ల పవియాన్‌కు తరచూ భోజనానికి వచ్చే హోవర్డ్ జాన్సన్‌కు సొంతంగా వందల హోటళ్లున్నాయి, ఆ నారింజ కప్పుల గొలుసు పేరే హోవర్డ్ జాన్సన్స్. ఆయన ఇద్దరినీ పిలిచారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పెపాన్‌కు ఇంకో పిలుపు కూడా ఉంది. కెనెడీ కుటుంబానికి వైట్‌హౌస్‌లో వండే చెఫ్ ఉద్యోగం. ఆయన వైట్‌హౌస్ వద్దని హోవర్డ్ జాన్సన్స్‌కు వెళ్లారు. వైట్‌హౌస్ చెఫ్‌గా తర్వాత చేరింది రెనే వెర్డోన్.

ఇప్పుడు వింటే పిచ్చి పనిలా ఉంటుంది. ఆయన లెక్క వేరు. దేశాధినేతలకు వండటం ఫ్రాన్స్‌లోనే చూసేశారు. వండేవాడు వంటగది దాటి కనిపించని రోజులవి, ఆ ఉద్యోగంతో పేరొస్తుందని ఎవరూ అనుకోలేదు. ఇక్కడైతే పనికి వేళాపాళా ఉంది, శనాదివారాలు సెలవు ఉంది, సాయంత్రం కొలంబియా యూనివర్సిటీలో చదువుకోవచ్చు. ఎనిమిదో తరగతి దాటని మనిషికి ఆ చివరిదే అన్నిటికన్నా పెద్ద ఆశ అయి ఉంటుంది.

మొదటి రోజుల్లో జాన్సన్ ఆయన్ని కూర్చోబెట్టి సలహాలు అడగలేదు. క్వీన్స్ బూలవార్డ్ మీదున్న తమ పెద్ద రెస్టారెంట్‌లో లైన్ కుక్‌గా నిలబెట్టారు. ద గాల్‌కు వండిన చేత్తో హాంబర్గర్లు తిప్పడం, హాట్‌డాగ్‌లు వేయించడం. జనం ఏం తింటున్నారో కళ్లతో చూశాకే క్వీన్స్ విలేజ్‌లోని సెంట్రల్ కిచెన్‌కు పంపారు. గొలుసులోని హోటళ్లన్నిటికీ వంటకాలు తయారయ్యేది అక్కడే.

ఫ్రానీ, పెపాన్ మొదట చేసిన పనులు చిన్నవి. ఎండబెట్టిన ఉల్లి ముక్కలు తీసేసి పచ్చి ఉల్లిపాయలు పెట్టారు. మార్జరీన్ బదులు వెన్న. పొడి బంగాళాదుంప బదులు అసలు దుంప. తర్వాత అసలు తలనొప్పి మొదలైంది. బుర్గుండీ వైన్‌లో ఉడికించే గొడ్డు మాంసం కూరనే తీసుకోండి. ముందు చిన్న గిన్నెలో చేస్తారు, అమోఘంగా ఉంటుంది. దాన్నే యాభై మందికి చేస్తే రుచి కొంచెం పక్కకు జరుగుతుంది. అయిదు వందల మందికి చేస్తే ఇంకొంచెం. పదార్థాలన్నీ అదే లెక్కలో పెంచుతూ పోతే వచ్చేది ఆ కూర కాదు, ఇంకేదో. పెద్ద పాత్రలో ఆవిరి పోయే తీరు వేరు, అడుగు అంటే తీరు వేరు, చల్లారడానికి పట్టే సమయం వేరు. చివరికి ఒకేసారి వెయ్యి మందికి సరిపడా కూర, వేల గాలన్ల క్లామ్ చౌడర్ సూపు దాకా వెళ్లారు. పక్కన కెమిస్టులు. బ్యాక్టీరియా లెక్కలు, పులుపు లెక్కలు, సాంద్రత లెక్కలు. ల పవియాన్‌లో ఈ మాటలు ఎవరి నోటా వినపడవు. అక్కడ చెఫ్ రుచి చూసి తలాడిస్తే అయిపోయినట్టే.

నేటి గొడవకు మూలం ఇక్కడుంది. కొలత పక్షం వాళ్లకు ఈ పదేళ్లు తెలిస్తే పండగే. గ్రాములతో, ఫార్ములాలతో పదేళ్లు బతికిన మనిషి మాకు మాత్రం ‘చూసి వెయ్యండి’ అంటాడా అని నిలదీయొచ్చు. నాకు మాత్రం ఇది తిరగేసి కనిపిస్తుంది. ఒక వంటకం ప్రతిసారీ ఒకేలా రావాలంటే ఏమేం కావాలో ఆయన దగ్గరుండి చూశారు. ఒకే రకం మాంసం, ఒకే సైజు ముక్క, ఒకే పాత్ర, ఒకే మంట, పక్కన కెమిస్టు. ఇంట్లో ఇవేవీ ఉండవు. కాగితం మీద ‘ఇరవై నిమిషాలు’ అని రాసి ఇస్తే, ఆ ఇరవైని నిలబెట్టే ఫ్యాక్టరీ కూడా రాసి ఇవ్వాలి. అది కుదరదు కాబట్టి ఇంట్లో వండేవాళ్లకు ఇవ్వగలిగింది చేతి పని ఒక్కటే. ఆయన నోట ఈ వాదన ఇలాగే వచ్చిందని అనను. తర్వాత చేసిన ప్రతి పనీ మాత్రం దీనికి అతికినట్టు సరిపోతుంది.

పియర్ పళ్ల ముచ్చట వినండి. పియర్లను చక్కెర, వెన్న, మీగడతో ఓవెన్‌లో పెట్టి కారమెల్ పట్టించే వంటకం ఒకటి ఆయన తరచూ ఉదాహరణగా చెబుతారు. బాగా మగ్గిన పళ్లయితే కొద్ది నిమిషాల్లో మెత్తబడతాయి. గట్టివయితే గంట దాకా పడుతుంది. ఒక పండు నీళ్లు వదులుతుంది, ఇంకోటి వదలదు. రెసిపీ మాత్రం ఒక్కటే, దాని మీద అంకె కూడా ఒక్కటే. ఆ అంకె నమ్ముకున్నవాడి పళ్లు ఒకరోజు రాయి, ఒకరోజు గుజ్జు. మన వంటల పుస్తకాల్లో ‘ఉప్పు తగినంత’ అని రాస్తారు చూడండి, దాన్ని చూసి నవ్వేవాళ్లు ఈ పియర్ల సంగతి ఒకసారి ఆలోచించాలి.

1970లో హోవర్డ్ జాన్సన్స్ వదిలేసి ఫిఫ్త్ అవెన్యూలో లా పొటాజెరీ అని సూపుల హోటల్ పెట్టారు. రోజూ పెద్ద ఎత్తున సూపు, తక్కువ మంది పనివాళ్లు, ఎక్కడా రుచి మారకూడదు. క్వీన్స్ విలేజ్ చదువు లేకపోతే సాధ్యమయ్యే పని కాదు. ప్రమాదం జరిగాక కూడా ఆ చదువే అక్కరకొచ్చింది. వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో రెస్టారెంట్లన్నిటికీ కలిపి సెంట్రల్ కిచెన్ ఏర్పాటు చేసేటప్పుడు ఆయన్ని పిలిచింది పెద్ద ఎత్తున వండటం తెలిసిన మనిషిగానే.

ఇక కొలంబియా. రాత్రి బడి దగ్గర మొదలైన చదువు 1972లో ఎంఏ దాకా వచ్చింది. ఫ్రెంచ్ సాహిత్యంలో తిండి ప్రస్తావనల మీద పీహెచ్‌డీ చేస్తానన్నారు. అది పరిశోధన చేయదగ్గ విషయం కాదు పొమ్మన్నారు. నాలుగేళ్ల తర్వాత, 1976లో, ‘లా టెక్నిక్’ వచ్చింది. తరువాయి ‘లా మెతోద్’ 1979లో. మొదటి పుస్తకం తెరిస్తే ముందు కనపడేవి చేతులు. నలుపు తెలుపు ఫోటోలు, పేజీ మీద పేజీ. కత్తి ఎలా పట్టాలి, వేళ్లు ఎలా ముడవాలి, ఉల్లిపాయ వేరు భాగం ఎందుకు వదిలేయాలి, కోడి కీలు ఎక్కడ దొరుకుతుంది. వంటకం కోసం వెతికేవాడికి నిరాశే. అప్పటిదాకా వంటల పుస్తకం అంటే వంటకాల చిట్టా. ఇందులో అంశాల వరస వంటకాల్ని బట్టి లేదు, చేతి పనిని బట్టి ఉంది.

ఆ పుస్తకం పని చేసిందా? న్యూజెర్సీలో ఒక కుర్రాడి సంగతి చెబుతాను. వాళ్ల నాన్న జైల్లో ఉద్యోగి. కొడుక్కి వంట మీద ఆసక్తి ఉందని జైలు లైబ్రరీలో కనపడిన ‘లా టెక్నిక్’ ఇంటికి తెచ్చిచ్చారు. ఆ కుర్రాడు వంట కాలేజీ గడప తొక్కలేదు, ఆ ఫోటోలు చూస్తూ చెయ్యి తిప్పుకున్నాడు. అతనే టామ్ కొలికియో, తర్వాత న్యూయార్క్‌లో పెద్ద రెస్టారెంట్లు పెట్టి, టీవీలో ‘టాప్ చెఫ్’ జడ్జిగా కూర్చున్నవాడు.

అవతలి పక్షం బలహీనమైనదేమీ కాదు. దానికి అమెరికాకు టీవీలో ఫ్రెంచ్ వంట నేర్పిన జూలియా చైల్డ్ అంత పెద్ద పేరు ఉంది. సిమోన్ బెక్, లూయిజెట్ బెర్తోల్‌తో కలిసి ఆమె 1961లో తెచ్చిన ఫ్రెంచ్ వంటల పుస్తకంలో ఒక్కో రెసిపీ పేజీలకు పేజీలు నడుస్తుంది. ఏ దశలో ఏం కనిపించాలి, తేడా వస్తే ఏం చేయాలి అన్నీ రాసి ఉంటాయి. పక్కన నేర్పే మనిషి లేనివాళ్లకు కాగితమే దిక్కు అన్నది ఆమె పట్టుదల. అందులో న్యాయం ఉంది. ఎప్పుడూ పొయ్యి వెలిగించనివాడికి ‘చూసి వెయ్యి’ అంటే, ఏం చూడాలో తెలియదు కదా.

ఈ ఇద్దరూ 1999లో ఒకే వంటింట్లో నిలబడి టీవీ సిరీస్ చేశారు. అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో జూలియా సొంత ఇల్లు అది. ముందుగా రాసుకున్న రెసిపీలు లేకుండానే షూటింగ్. ఆమె తెల్ల మిరియాలు అంటే ఆయన నల్ల మిరియాలు అంటారు. ఉప్పు దగ్గరా పేచీయే. తర్వాత పుస్తకం వేసేటప్పుడు ఎవరి మాటా కొట్టేయకుండా, ఇద్దరి అభిప్రాయాలూ పక్కపక్కనే అచ్చేశారు. ఇప్పుడు వాదించుకునేవాళ్లకు అంత ఓపిక ఉన్నట్టు లేదు.

అసలు ఆమ్లెట్ వీడియోలో ఏముందో చూద్దాం. ఆయన రెండు ఆమ్లెట్లు వేస్తారు. మొదటిది పల్లెటూరి పద్ధతి. గుడ్డు పెద్ద పెద్ద గడ్డలుగా కట్టాలి, అడుగు ఎర్రబడాలి. రెండోది క్లాసిక్. పెనం ఒక చేత్తో ముందుకూ వెనక్కూ ఊపుతూ, రెండో చేత్తో ఫోర్కు వెనక్కి తిప్పి గబగబా కలుపుతారు. గడ్డలు చిన్నవిగా, మెత్తగా ఉండాలి, రంగు మారకూడదు. ఇంకా తడి ఉండగానే పెనం వాల్చి అంచు మడుస్తారు, కాడ మీద పిడికిలితో టపటపా కొడతారు, ఆ దెబ్బలకు అవతలి అంచు తనంతట తాను పైకి లేచి లోపలికి ముడుచుకుంటుంది. అవే గుడ్లు, అదే వెన్న, రెండు వేరే తిండ్లు. దీనికి గ్రాముల పట్టిక ఇచ్చినా రెండు ఆమ్లెట్లకూ పట్టిక ఒకటే వస్తుంది. తేడా అంతా మణికట్టులో ఉంది.

కొలత పక్షం పట్టుకోదగ్గ పాయింటు ఒకటి నేనే ఇస్తాను. ఆయన 30కి పైగా పుస్తకాలు రాశారు. వాటి నిండా కప్పులు, స్పూన్లు, నిమిషాలు ఉన్నాయి. పబ్లిషర్ అడిగితే అంకె ఇవ్వక తప్పదు, ఇచ్చారు కూడా. రెసిపీ బయల్దేరే చోటు మాత్రమేనని పక్కనే చెబుతూ వచ్చారు, కానీ జనం అంకె చదివినంత శ్రద్ధగా ముందుమాట చదువుతారా?

స్కూళ్ల సంగతి కూడా దీనికి ముడిపడి ఉంది. 1988లో ఆయన న్యూయార్క్‌లోని ఫ్రెంచ్ కలినరీ ఇన్‌స్టిట్యూట్‌లో డీన్‌గా చేరారు. బోస్టన్ యూనివర్సిటీలో జూలియాతో కలిసి పాఠాలు చెప్పారు. తిండి మీద చదువును డిగ్రీగా నిలబెట్టడంలో ఇద్దరి చెయ్యీ ఉంది. కొలంబియా వద్దన్న విషయమే ఇది. ఆ ఇన్‌స్టిట్యూట్ తర్వాత ఇంటర్నేషనల్ కలినరీ సెంటర్‌గా పేరు మార్చుకుని, 2020లో మూతపడింది. అదే ఏడాది లాక్‌డౌన్‌లో పెపాన్ ఇంటి వంటగదిలో నుంచి తీసిన చిన్న చిన్న వీడియోలు ఇంటింటికీ చేరాయి. పైసా ఖర్చు లేకుండా చూసేవాళ్లు ఎక్కువయ్యేసరికి ‘కొలతలు చెప్పరేం’ అన్న ప్రశ్న కూడా గట్టిగా వినపడటం మొదలైంది. ఫీజు కట్టిన విద్యార్థి పక్కన మాస్టారు నిలబడతాడు, చెయ్యి పట్టుకుని దిద్దుతాడు. ఫోన్ చూసేవాడికి ఆ దిద్దుబాటు లేదు. ఈ ఫిర్యాదులో నిజముంది, పెపాన్ పక్షం దీనికి సరైన జవాబు ఇంకా చెప్పలేదు.

ఆయన కూతురు, అల్లుడితో కలిసి 2016లో పెట్టిన ఫౌండేషన్ మాత్రం ఆ దిద్దుబాటు వైపే డబ్బు పంపుతోంది. ఇల్లు లేనివాళ్లకు, మత్తు మానుకుంటున్నవాళ్లకు, జైలు నుంచి విడుదలైనవాళ్లకు వంట పని నేర్పే చిన్న చిన్న కిచెన్లకు సాయం చేస్తుంది. కొలికియో చేతికి ‘లా టెక్నిక్’ వచ్చింది జైలు లైబ్రరీ నుంచి. ఈ కిచెన్లలో జైలు నుంచి వచ్చినవాళ్ల పక్కన ఇప్పుడు నేర్పే మనిషి నిలబడుతున్నాడు.