మూడు ఇంజన్లు బాగున్నా విమానం ఎందుకు ఆగింది?

హనుమకొండ

చిరంజీవులు చిన్నికి, బంటికి మీ తాతయ్య ఆశీస్సులు.

మీరిద్దరూ కలిసి రాసిన ఉత్తరం నిన్న అందింది. పాతకాలపు సూపర్ కాన్‌స్టలేషన్ విమానం ఎగరడం చూపిద్దామని మీ నాన్న మిమ్మల్ని మూడు గంటలు కారులో తీసుకుపోయాడనీ, తీరా అక్కడికి చేరేసరికి మూడో నంబరు ఇంజనులో ఏదో తేడా కనిపించిందని చెప్పి దాన్ని నేల మీదే నిలిపేశారనీ, తిరుగుదారంతా బంటి మూతి ముడుచుకుని కూర్చున్నాడనీ చదివి నవ్వుకున్నాను. చివర చిన్ని ఒక ప్రశ్న అడిగింది. నాలుగు ఇంజన్లలో మూడు బాగానే ఉన్నప్పుడు ఆ మూడింటితో ఎగరవచ్చు కదా అని. బేగంపేట హ్యాంగర్లో డకోటా విమానాల ఇంజన్లు విప్పుతూ, బిగిస్తూ నా వయసులో మంచికాలం గడిచింది కాబట్టి, ఈ ప్రశ్నకు ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు.

మీరు చూసిన విమానం మనకు పరాయిదేమీ కాదు. ఆ వంశంలో మొదటిది 1943 జనవరి 9న అమెరికాలో ఎగిరింది. 1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు వెళ్ళిన ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ మొట్టమొదటి విమానం 'మలబార్ ప్రిన్సెస్' కూడా కాన్‌స్టలేషనే. నేను పనిచేసిన డకోటా దానికన్నా చిన్నది, రెండే ఇంజన్లది. నిజాం సర్కారు, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి ఈ డకోటాలే. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినా మా ఉస్తాద్‌ల పనితనం మాత్రం పాతదే. మన వరంగల్ పక్కన మామునూరులో నిజాం 1930లో కట్టించిన విమానాశ్రయం కూడా 1981 దాకా నడిచింది. నాకు విమానాల పిచ్చి పట్టింది ఆ మైదానం అంచున సైకిలు ఆపుకుని నిలబడినప్పుడే.

ఇక ఇంజను సంగతి. మన ఊరి బావి మీద ఉండే ఆయిలింజనుకు ఒకటే సిలిండరు ఉంటుంది, దాని టకటక చప్పుడు మీరు విన్నారు. సూపర్ కాన్‌స్టలేషన్ ఇంజనును ముందునుంచి చూస్తే, బతుకమ్మను పైనుంచి చూసినట్టు, నడిమి బొడ్డు చుట్టూ సిలిండర్లు గుండ్రంగా పేర్చి ఉంటాయి. ముందు వరుసలో తొమ్మిది, వెనక వరుసలో తొమ్మిది, మొత్తం పద్దెనిమిది. ఒక్కో సిలిండరుకు రెండేసి ప్లగ్గుల లెక్కన ఇంజనుకు 36, విమానం మొత్తానికి 144 ప్లగ్గులు. మీ అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్న పాత మారుతి కారు ఇంజను ఒక లీటరు కూడా ఉండదు. ఇది సుమారు 55 లీటర్లది. అది చాలదన్నట్టు, పొగగొట్టంలోంచి వేడిగా వృథాగా పోయే గాలిని పట్టి మళ్ళీ శక్తిగా మార్చడానికి ఒక్కో ఇంజనుకు మూడేసి చిన్న టర్బైన్లను తగిలించారు. తెలివైన ఏర్పాటే గాని, ఆ వేడికి వాల్వులు కాలిపోవడం, గొట్టాలు పగలడం మామూలైపోయింది. ప్రపంచంలోకెల్లా మంచి మూడు ఇంజన్ల విమానం ఇదేనని ఆ రోజుల్లో వెటకారం చేసేవారు. అంటే చిన్ని ప్రశ్న కొత్తదేమీ కాదన్నమాట.

లోపల ఇంకో విశేషం ఉంది. వరుసలో తొమ్మిది పిస్టన్లకు తొమ్మిది రాడ్లు ఉన్నా, క్రాంకును, అంటే ముందున్న పంకాను (ప్రొపెల్లర్‌ను) తిప్పే ఇరుసును, నేరుగా పట్టుకుని తిరిగేది ఒక్కటే. దాన్ని మాస్టర్ రాడ్ అంటారు. మిగిలిన ఎనిమిదీ దానికే తగిలించి ఉంటాయి. కాబట్టి మాస్టర్ రాడ్ బేరింగు ఒక్కటి చెడితే చెడేది ఒక పిస్టన్ కాదు, తొమ్మిదీ. ఆ బేరింగు చెడడం మొదలైన సంగతి బయటినుంచి కంటికి కనపడదు, చాలాసార్లు చెవికీ వినపడదు. తెలిసేది ఇంజను ఆయిలులోనే.

నాకు ఇరవై ఏళ్ళప్పటి మాట చెబుతాను. తెల్లవారితే ప్రయాణికులతో వెళ్ళవలసిన ఒక డకోటా ఇంజను ఆయిల్ స్క్రీన్, అంటే ఆయిలును వడగట్టే సన్నని జాలీ, విప్పి కడగమని నాకు అప్పజెప్పారు. కడిగి తెల్లగుడ్డ మీద విదిలించాను. నల్లటి మసి మధ్యలో నువ్వుగింజలో సగం కూడా లేని రెండు మూడు నలుసులు దీపం వెలుగులో తళుక్కుమన్నాయి. మసితోపాటే దులిపేద్దామని గుడ్డ ఎత్తాను. మా ఉస్తాద్ నా మణికట్టు పట్టుకున్నాడు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి నలుసుల దగ్గర పెట్టాడు. అవి కదలలేదు. అంటుకుంటే అది ఉక్కు రజను, ఏదో గేరుదో బాల్ బేరింగుదో అయ్యేది. పసుపుపచ్చగా ఉంటే కంచు బుష్షుది. తెల్లగా, జీవం లేనట్టు ఉంటే పిస్టన్ అల్యూమినియం. ఇవి ఈ మూడూ కావు. ఆయన ఒక నలుసును గోటితో నొక్కితే మెత్తగా వంగింది, మెరుపు మాత్రం పోలేదు. "వెండి," అన్నాడు. ఇంజనులో వెండేమిటని నేను తెల్లబోయాను. మాస్టర్ రాడ్ బేరింగుకు లోపల వెండి పూత ఉంటుందని నాకు తెలిసింది ఆ పూటే. ప్రయాణికులు వచ్చి కూర్చున్నారు, పై అధికారి ఒకరు రెండు నలుసులకేనా ఇంత గొడవ అని విసుక్కున్నారు. ఉస్తాద్ ఆ గుడ్డను మడిచి ఆయన చేతికే ఇచ్చి, సంతకం చేయమన్నాడు. ఆయన చేయలేదు. తరువాత ఇంజను విప్పితే బేరింగు పూత ఒక పక్క పొరలుగా లేస్తూ కనిపించింది. నిజానికి కొద్దిపాటి మసి, సన్నని రజను ఏ ఇంజనులోనైనా ఉంటాయి. ఎంత ఉంటే మామూలు, ఎంత ఉంటే ప్రమాదం అని తేల్చుకోవడమే ఈ పనిలో అసలు కష్టం.

ఇప్పుడు చిన్ని ప్రశ్నకు వస్తాను. ఆకాశంలో ఉండగా ఒక ఇంజను ఆగినా మిగిలిన మూడింటితో దిగగలిగేలాగే ఆ విమానాన్ని కట్టారు. ఆగిన ఇంజను పంకా రెక్కలను గాలికి అడ్డు లేకుండా అంచువైపు తిప్పి పెడతారు, విమానం నెమ్మదిగానైనా సాగిపోతుంది. కానీ ఆ నాలుగోది ఆపదకని దాచుకున్న నిలువ. నేల మీదే దాన్ని ఖర్చు పెట్టేసి మూడింటితో బయలుదేరితే, పైకి లేచే ఆ నిమిషంలో ఇంకొకటి మొరాయించినప్పుడు ఆదుకునేది ఏముంటుంది? పైగా ఎడ్లబండికి కుడి ఎద్దు ఆగిపోతే బండి కుడికి తిరిగినట్టే, విమానమూ చచ్చిన ఇంజను వైపుకు తిరుగుతుంది. మీరు చూసిన మూడో నంబరు, పైలట్ ఎడమ చేతి వైపునుంచి లెక్కపెడితే, కుడి రెక్క మీద లోపలిది. విమానం ఇంకా వేగం పుంజుకోకముందు ఆ లాగుడును చుక్కానితో ఆపడం చాలా కష్టం. మరమ్మతు చేసే చోటికి చేర్చడానికి మూడు ఇంజన్లతో ఎగిరిన సందర్భాలు లేకపోలేదు గాని, అది ప్రత్యేక అనుమతితో, ఒక్క ప్రయాణికుడు కూడా లేకుండా, అవసరమైన సిబ్బంది మాత్రమే చేసే పని. పోనీ జబ్బుపడిన ఇంజనునే మెల్లగా నడిపిద్దామా అంటే, రజను ఆయిలుతోపాటు కూలరులోకీ, పంకా రెక్కల వాలును మార్చే యంత్రంలోకీ పాకి, పోయేది ఒక బేరింగుతో ఆగదు.

బంటి ఇంకో మాట రాశాడు, వచ్చే ఆదివారానికి బాగుచేయలేరా అని. ప్లగ్గు నూనె పట్టడమో, ప్లగ్గులకు కరెంటు అందించే మ్యాగ్నెటో సరిగా నిప్పు ఇవ్వకపోవడమో అయితే సాయంత్రానికే అయిపోతుంది. రజను కనిపించిందంటే మాత్రం ఒకటిన్నర టన్నులకు పైబడిన ఇంజనును దించాలి, ఆయిలు తిరిగిన ప్రతి గొట్టాన్నీ కడగాలి, కూలరును మార్చాలి. ఆ ఇంజన్లను తయారుచేయడం ఆపి దశాబ్దాలు దాటింది కాబట్టి భాగాలు పాత గోదాముల్లో వెతకాలి, లేదా ఇంకో ఇంజనును విప్పి తీసుకోవాలి. వాటిని ఓవర్‌హాల్ చేసే చేతులు ప్రపంచంలోనే కొద్ది. అప్పట్లో వాటికి పోసిన ఊదారంగు పెట్రోలు ఇప్పుడు మామూలుగా దొరకదు. నీలిరంగు పెట్రోలు పోసి, పూర్తి బలం అడగకుండా జాగ్రత్తగా నడుపుతారు. అయినా ఇవి లేచి ఎగరకపోవు. 1947లో శ్రీనగర్‌కు మన సైనికులను చేర్చిన తరహా డకోటా ఒకటి, బాగుచేసుకుని, 2018లో బ్రిటన్ నుంచి మన దేశానికి తన రెక్కల మీదే ఎగిరి వచ్చింది. ఆ వార్త చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మీ నానమ్మ సాక్షి.

మళ్ళీ పిలిచినప్పుడు పొద్దున్నే వెళ్ళండి. స్టార్టు చేసే ముందు పంకాను మెల్లగా తిప్పుతూ రెక్కలు లెక్కపెడతారు. రాత్రంతా అడుగు సిలిండర్లలోకి జారిన ఆయిలు పిస్టన్‌కు అడ్డుపడి రాడ్డును వంచకుండా చేసే జాగ్రత్త అది. ఎన్ని రెక్కలు లెక్కపెట్టారో చూడండి. ఇంజన్ల కింద ఆయిలు చుక్కలు పడుతుంటే భయపడకండి, కారడం మానేస్తే ఆయిలు అయిపోయిందని అర్థం అని మేము నవ్వుకునేవాళ్ళం. పంకా దగ్గరికి మాత్రం పోవద్దు. అక్కడి మెకానిక్‌లలో కాస్త తెల్లజుట్టు ఉన్నవారిని ఎంచుకుని, ఆ మూడో ఇంజను స్క్రీనులో దొరికిన రజను అయస్కాంతానికి అంటుకుందా, ఏ రంగులో ఉంది అని అడిగి నాకు రాయండి.

మీ తాతయ్య