ఒళ్లు కాలని మలేరియా

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పాతతరం వాళ్లు మలేరియా అనరు. మన్యం జ్వరం అంటారు, లేదంటే చలిజ్వరం. కొండమీదికి కొత్తగా ఉద్యోగానికి వచ్చినవాడు మంచం పడితే "మన్యం నీళ్లు పడలేదు" అని తేల్చేసేవారు. కాచి చల్లార్చిన నీళ్లు తాగమని సలహా ఇచ్చేవారు. ఆ నీళ్లు విరేచనాలు రాకుండా కాపాడతాయేమో గానీ మలేరియాను ఆపలేవు. అయినా ఆ పాతమాటను పూర్తిగా కొట్టిపారేయక్కర్లేదు. ఈ జబ్బుకీ మన్యం నీళ్లకీ చుట్టరికం ఉంది. కాకపోతే అది కుండలో నీళ్లతో కాదు, గెడ్డలో, అంటే కొండవాగులో నీళ్లతో.

దసరా దాటి వానలు వెనకబట్టాక కొండవాలున దిగే గెడ్డను చూడండి. నడిమధ్య నీరు గలగలా పోతుంటుంది. అంచున మాత్రం, గడ్డిపోచలు నీళ్లలోకి వంగిన చోట, రాళ్ల సందున, పారుతోందా నిలిచిందా అన్నట్టుంటుంది. ఆ జానెడు అంచులోనే మలేరియాను మోసే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ గుడ్లు పెడుతుంది. ఒక తెల్లటి గిన్నెతో అక్కడి నీళ్లు మెల్లగా ముంచితే, సన్నటి చీపురుముక్కల్లాంటి లార్వాలు నీటి పైపొరకు అంటుకుని అడ్డంగా పడుకుని కనిపిస్తాయి. ఊరి మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ లార్వాలైతే తలకిందులుగా వేలాడతాయి. గాలి పీల్చుకునే గొట్టం వాటికి తోకవైపు ఉంటుంది, అనాఫిలిస్‌కు ఉండదు కాబట్టి అది ఒళ్లంతా పైపొరకు ఆనించాలి. పెద్ద దోమనూ ఇంతే సులువుగా గుర్తుపట్టవచ్చు. క్యూలెక్స్ గోడ మీద వీపు వంచి గోడకు సమంగా వాలుతుంది. అనాఫిలిస్ తల దించి తోక పైకెత్తి, సగం దిగిన మేకులా ఏటవాలుగా నిలబడుతుంది.

ఫ్లూవియాటిలిస్‌కు మనిషి రక్తమే ఇష్టం. ఇంట్లోకి వచ్చి కుడుతుంది, కుట్టాక ఎక్కువగా ఆ ఇంటి గోడ మీదే వాలి అరిగించుకుంటుంది. దీనికి తోడు క్యూలిసిఫేసిస్ అనే మరో అనాఫిలిస్ ఉంది. అది వరిమడుల్లో, ఇసుక గుంటల్లో, గెడ్డ ఎండుతూ వదిలిన మడుగుల్లో పెరుగుతుంది. ఎక్కువగా పశువులను కుట్టి, పశువులశాలలోనే తలదాచుకుంటుంది. ఒక్కో దోమ చేసే కీడు తక్కువే గానీ మందలు మందలుగా పుడుతుంది. శ్రావణ భాద్రపదాల్లో కుంభవృష్టి పడితే గెడ్డ పొంగి తన అంచునున్న లార్వాలను ఊడ్చుకుపోతుంది. అప్పుడు పల్లపు పొలాల్లో క్యూలిసిఫేసిస్‌ది పైచేయి. నీరు తేరుకున్నాక, సంక్రాంతి దాకా మళ్లీ ఫ్లూవియాటిలిస్ వంతు. మైదానంలో జ్వరాలు సద్దుమణిగిన చలికాలంలోనూ కొండ ఊళ్లలో మంచాలు ఖాళీ కాకపోవడానికి కారణం ఇదే. దోమ లార్వాలను తింటాయని నూతుల్లో, చెరువుల్లో వదిలే గంబూసియా చేపల్ని గెడ్డలోనూ వదలొచ్చుగా అని కొందరు అడుగుతారు. మొదటి వరదకే అవి కొట్టుకుపోతాయి. మిగిలినవి గెడ్డలో పుట్టిపెరిగిన చిరుచేపల పిల్లల్ని తింటాయి. వదలకపోవడమే మంచిది.

రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. జయపురం సంస్థానం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. 1914లోనే పెర్రీ అనే వైద్యుడు ఈ కొండల మలేరియాను సర్వే చేసి ప్రచురించాడు. 1930ల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా నిపుణుడు సీనియర్ వైట్ ఇక్కడి దోమల్ని కోసి చూసి, ఫ్లూవియాటిలిస్ పాత్రను బయటపెట్టాడు. ఆ రోజుల్లో ఊరి మలేరియాను కొలవడానికి పిల్లల పొట్ట తడిమేవారు. పదేపదే జ్వరం వస్తే ప్లీహం ఉబ్బి ఎడమ డొక్కలో గట్టిగా చేతికి తగులుతుంది. మన పెద్దలు "కడుపులో బల్ల" అన్నది దాన్నే. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో సగానికి పైగా బల్ల ఉంటే ఆ ఊరిని అతి తీవ్రమైన మలేరియా ఊరిగా లెక్కించడం ఇప్పటికీ పుస్తకాల్లో ఉన్న కొలమానం.

అంతకాలం కొరకరాని కొయ్యగా ఉన్న జబ్బు మొన్నమొన్న అంకెల్లో ఒక్కసారిగా కిందికి జారింది. 2016లో ఒడిశాలో నమోదైన మలేరియా కేసులు 4.44 లక్షలు, అంటే దేశం మొత్తంలో 40 శాతం. 2018 నాటికి 66 వేలు. 2022లో 24 వేల లోపు. 2017లో కోటికి పైగా మందు దోమతెరలు పంచడం ఒక కారణం. అదే ఏడాది మొదలైన 'దమన్' కార్యక్రమం మరొకటి. దుర్గమ అంచలరే మలేరియా నిరాకరణ్ అన్న ఒడియా మాటల పొడి అక్షరాల పేరు అది. ఏటా రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, దారిలేని ఊళ్లకు బృందాలు వెళ్లి అందరి రక్తాన్నీ పరీక్షిస్తాయి. ఇందులో ముఖ్యమైన మాట 'అందరి'. జ్వరం ఉన్నవాళ్లను మాత్రమే పరీక్షించే పాత పద్ధతిని పక్కనపెట్టడమే అసలు మార్పని చెప్పాలి.

ఎందుకంటే చిన్నప్పటినుంచి పదుల సార్లు మలేరియా సోకిన పెద్దవాళ్ల ఒంట్లో ఒకరకమైన రాజీ కుదురుతుంది. క్రిమి పూర్తిగా చావదు, మనిషి మంచం పట్టడు. చోడంబలి తాగి పోడుకు వెళ్లి, సంత చేసుకుని వస్తాడు. కాస్త నీరసం, కాస్త రక్తం తక్కువ, అంతే. ఒళ్లు కాలదు కాబట్టి ఆశా కార్యకర్త దగ్గరికి రాడు. కాని అతని రక్తంలో గామెటోసైట్లు ఉంటాయి. దోమకు అంటుకునేది క్రిమిలోని ఈ దశ ఒక్కటే. దోమ ఆ రక్తం తాగిన పది పన్నెండు రోజులకు క్రిములు దాని లాలాజలంలోకి చేరతాయి. తర్వాతి కాటు పక్కింటి రెండేళ్ల పిల్లకు పడితే, రాజీ లేని ఆ ఒంట్లో ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా క్రిమి మెదడుకెక్కవచ్చు. జ్వరం లేనివాడికి మందు ఇవ్వడం అంటే నిజానికి ఆ పిల్లకు ఇవ్వడం. వేలు గుచ్చించుకోవడానికి "నాకేం రోగం?" అని మొండికేసే పెద్దమనిషికి ఈ సంగతే చెప్పాలి.

పరీక్ష చిన్నదే, తప్పులు మాత్రం చాలా. అరచేయంత ప్లాస్టిక్ కిట్టును విప్పగానే లోపలి సిలికా జెల్ పొట్లం చూడాలి. రంగు మారితే తేమ తగిలినట్టే, కిట్టు పారేయాలి. వానాకాలంలో ఒకేసారి పది కిట్లు విప్పి వరసగా పెట్టుకోవడం అందుకే పనికిరాదు. ఉంగరపు వేలిని స్పిరిట్‌తో తుడిచి, ఆరేదాకా ఆగాలి. ఆరకముందే గుచ్చితే రక్తపు బొట్టు నిలవక వేలంతా పాకిపోతుంది. వేలికొన పక్కవైపు గుచ్చి, మొదటి బొట్టు తుడిచేసి, రెండో బొట్టు నుంచి కిట్టుతో ఇచ్చిన గొట్టం గుర్తు దాకా, అంటే 5 మైక్రోలీటర్లు, తీయాలి. ఎక్కువైతే పట్టీ అంతా ఎర్రబడి గీతలు కనపడవు. తర్వాత కిట్టుతో వచ్చే బఫర్ ద్రావణం చుక్కలు, ఆ కిట్టువే. పాత కిట్లలో మిగిలిన సీసా వాడడం తరచుగా జరిగే పొరపాటు. కిట్టు మీద రాసిన ప్రకారం 15 నుంచి 20 నిమిషాలు ఆగి వెలుతురులో చదవాలి. కిట్టు పనిచేసిందని చెప్పే కంట్రోల్ గీత పడకపోతే పరీక్షే చెల్లదు. మలేరియా గీత ఎంత లేతగా ఉన్నా ఉన్నట్టే లెక్క. పక్కన పెట్టేసి సాయంత్రం వచ్చి చూస్తే మాత్రం ఆ గీతను నమ్మకూడదు.

ఈ కిట్టుకు రెండు బలహీనతలు ఉన్నాయి. మైక్రోలీటరు రక్తంలో క్రిములు వంద రెండొందల కంటే తక్కువైతే అది పట్టుకోలేదు. జ్వరం లేనివాళ్లలో చాలామంది అక్కడే ఉంటారు. ఒక విడతలో తప్పించుకున్నవాళ్లు మరుసటి విడతలో దొరుకుతారనే శిబిరాలు ఏటేటా జరుగుతాయి. రెండోది, ఫాల్సిపారం గీతను పుట్టించే హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రోటీన్ క్రిమి చచ్చాక కూడా కొన్ని వారాలు రక్తంలో తిరుగుతుంది. మందు వాడిన పదిహేను రోజులకు మళ్లీ జ్వరం వస్తే కిట్టు చెప్పేది పాత కథో కొత్త కథో తెలియదు. అప్పుడు గాజుపలక మీద రక్తపు పూత తీసి మైక్రోస్కోపు కింద చూడాల్సిందే.

మందుల సంగతి. ఫాల్సిపారానికి వయసును బట్టి రంగు అట్టలు ఉంటాయి. ఏడాది లోపు గులాబి, నాలుగేళ్ల దాకా పసుపు, ఎనిమిదేళ్ల దాకా ఆకుపచ్చ, పద్నాలుగేళ్ల దాకా ఎరుపు, ఆపైన తెలుపు. మూడు రోజులు ఆర్టిసునేట్, మొదటి రోజే సల్ఫడాక్సిన్-పైరిమెథమిన్, రెండో రోజు ఒక్క మోతాదు ప్రైమాక్విన్. దోమకు అంటుకునే గామెటోసైట్లను చంపేది ఆ ప్రైమాక్విన్ మాత్రే. జ్వరం తగ్గిందిగా అని అది మానేస్తే రోగి బాగుపడతాడు, ఊరు బాగుపడదు. వైవాక్స్ అనే మరో రకం మలేరియా అయితే మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. లేకపోతే కాలేయంలో నిద్రపోతున్న క్రిములు నెలల తర్వాత లేస్తాయి. నాలుగో రోజుకే మాత్రలు ఆపేసేవాళ్లు ఎక్కువ. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, అదొక సాకు. అన్నం తిన్నాక వేసుకుంటే సరిపోతుంది. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో ఈ మాత్ర ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. మూత్రం నల్లటి డికాక్షన్ రంగుకు మారినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి.

దోమతెర ఇరవై ఉతుకుల దాకా, సుమారు మూడేళ్లు పనిచేస్తుందని లెక్క. ఆ లెక్క తప్పేది గెడ్డ గట్టునే. బండకేసి బాది, బట్టల సబ్బు గట్టిగా పట్టించి, ఎండలో ఆరేస్తే మందు ముందే పోతుంది. చల్లటి నీళ్లలో మెత్తటి సబ్బుతో జాడించి నీడన ఆరేయాలి. ఉతికిన నీళ్లు గెడ్డలో పోయకూడదు, తెరకు పట్టించిన డెల్టామెత్రిన్ మందు చేపలకు విషం. కొత్త తెరను కట్టేముందు ఒక రోజు నీడలో గాలికి వేలాడదీస్తే మొహం మంట పుట్టదు. ఆ మంటకే విసిగి తెర మడిచి పెట్టెలో పెట్టేసిన ఇళ్లు ఎన్నో.

గోడల మందుది మరో చిక్కు. డీడీటీ 50 శాతం పొడి కిలో తీసుకుని 10 లీటర్ల ద్రావణం చేస్తే 500 చదరపు మీటర్ల గోడకు వస్తుంది, చదరపు మీటరుకు గ్రాము మందు. గొట్టం కొన గోడకు 45 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. దగ్గరైతే కారిపోతుంది, దూరమైతే గాలికి పోతుంది. ఇంత లెక్కగా కొట్టిన మందు మీద పదిరోజుల్లో పండగొచ్చిందని ఎర్రమట్టితోనో పేడతోనో అలికేస్తే, దోమ వాలేది శుభ్రమైన మట్టి మీద. అలుకుడు మానమనడం దండగ, ఎవరూ మానరు. పండగ తేదీలు ఊరి పెద్దనడిగి, అలుకుడు అయ్యాక పిచికారీ పెట్టుకోవడం తెలివైన పని. సవర గిరిజనుల ఇళ్లలో లోపలిగోడ మీద ఇడితాల్ అనే పూజబొమ్మ ఉంటే ముందు ఇంటివాళ్లనడగాలి. అడగకుండా పంపు ఎత్తినవాడికి మరుసటి ఏడు ఆ తలుపు తెరుచుకోదు.

తెరా గోడా రెండూ ఇంటికే. పోడు పంట కాపలాకు మంచె మీద పడుకునేవాడికీ, కళ్లంలో రాత్రి గడిపేవాడికీ అవి అక్కరకు రావు. నలుగురు పొలంలో పడుకునే ఇంటికి ఒక తెర అదనంగా ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. సరిహద్దుదీ అలాంటి ఇబ్బందే. పొట్టంగి నుంచి సాలూరు సంతకు, చిత్రకొండ నుంచి సీలేరుకు మనుషులు రోజూ దిగుతారు. వాళ్లతోపాటు క్రిమీ దిగుతుంది. రెండు రాష్ట్రాల శిబిరాల తేదీలు మాత్రం ఒకదానికొకటి పొసగవు. ఒడిశాలో 2023లో కేసులు మళ్లీ 42 వేలకు చేరాయి. ఎక్కువమందిని పరీక్షిస్తే ఎక్కువ దొరకడం సహజమే కాబట్టి పెరుగుదలంతా కొత్త జబ్బే అనలేం, అలాగని తేలిగ్గా తీసుకోనూ లేం.

దోమ కుట్టిన వారం రెండు వారాల్లో ఫాల్సిపారం జ్వరంగా బయటపడుతుంది, వైవాక్స్ నెలల తర్వాత కూడా లేవవచ్చు. రాయగడలో పెళ్లికి వెళ్లొచ్చినవాడికి విజయనగరంలో మాఘమాసంలో జ్వరం వస్తే అక్కడి డాక్టరుకు మలేరియా తట్టకపోవచ్చు, అది వాళ్ల సీజను కాదు. ఆయన అడిగినా అడగకపోయినా, గత కొన్ని నెలల్లో ఏ ఊళ్లో రాత్రి పడుకున్నామో మనమే ముందుగా చెప్పాలి.