కాటుక రేకుల పొడ: మనవలకు ఉత్తరం

చిరంజీవులు చిట్టికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మ పంపిన ఫోటో చూశాం. డాలస్‌లో మీ గదిలో, బుజ్జి మణికట్టుకు చుట్టుకుని ఉన్న ఆ నారింజ రంగు పెంపుడు పామును, కార్న్ స్నేక్‌ను చూసి మీ నానమ్మ మొదట ఉలిక్కిపడింది. కాసేపటికి మళ్లీ ఫోన్ అడిగి తీసుకుని, "పిల్లాడి మొహం ఎలా వెలిగిపోతోందో చూడండి" అంది. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. పాము కనబడితే కర్ర కోసం పరిగెత్తని పిల్లలు మన ఇంట్లో ఉన్నందుకు నాకెంతో సంతోషంగా ఉంది.

అయితే ఫోటో కింద బుజ్జి రాసింది చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "తాతయ్యా, ఈసారి వేసవికి వచ్చినప్పుడు మన పొలంలో కొండచిలువ పిల్ల దొరికితే పట్టుకుంటా. మా ఫ్రెండ్ ఇంట్లో బాల్ పైథాన్‌ను రోజూ ఎత్తుకుంటా, నాకు అలవాటే" అని రాశావు కదా నాన్నా. ఆ అలవాటే నాకు టెన్షన్.

బాల్ పైథాన్ అంటే బొద్దుగా, గోధుమ రంగు మచ్చలతో, చేతిలో పెట్టుకుంటే ముడుచుకుపోయే నెమ్మదైన పాము. నీ కళ్లు దానికి అలవాటు పడ్డాయి. ఇక్కడ మన గడ్డివాము పక్కన బొద్దుగా, గోధుమ రంగులో, మచ్చలతో ఒక పాము కదలకుండా పడుకుని ఉంటే నీ చెయ్యి దానంతటదే ముందుకు వెళ్తుంది. అది కొండచిలువ పిల్ల కావచ్చు. సాండ్ బోవా కావచ్చు. రక్తపింజర కూడా కావచ్చు. మొదటి రెండింటికీ విషం లేదు. మూడోది మన దేశంలో ఎంతోమంది రైతుల ప్రాణాలు తీసిన పాము.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విద్యార్థి గోనెసంచి పట్టుకుని ల్యాబ్‌కు వచ్చాడు. "సార్, కొండచిలువ పిల్ల. కర్రతో సంచిలోకి తోశాను" అన్నాడు. నేనూ ఉత్సాహంగా మూతికి కట్టిన తాడు విప్పబోయాను. లోపలి నుంచి బుస వచ్చింది. కుక్కర్ విజిల్ ముందు ఆవిరి ఎలా తన్నుకొస్తుందో అలా, ఆగకుండా. కొండచిలువ కూడా బుస కొడుతుంది గానీ ఇంత గట్టిగా, ఇంతసేపు నేనెప్పుడూ వినలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, సంచి అల్లికలో ఉన్న చిరుగులోంచి టార్చి వేసి చూశాను. వీపు మీద గొలుసులో లింకుల్లా ఒకదాని వెనక ఒకటి కోడిగుడ్డు ఆకారపు మచ్చలు. ఒక్కో మచ్చ చుట్టూ నల్లటి అంచు, ఆ నలుపు చుట్టూ సన్నని తెల్ల గీత. ఆ పిల్లవాడు సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని తెచ్చింది రక్తపింజరను. పాములు పట్టే ఆయన వచ్చి దాన్ని తీసుకెళ్లేదాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ఈ పాముకు ఇంగ్లీషులో రసెల్స్ వైపర్ అని పేరు. ప్యాట్రిక్ రసెల్ అనే డాక్టరు 1780లలో మన విశాఖపట్నంలో ఉండి, ఈ తీరంలోని పాముల గురించి రాశాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ పాము తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చాడు. దాన్ని నేను "కాటుక రేకుల పొడ" అని చదువుకుంటాను. పొడ అంటే మచ్చ. పూరేకు ఆకారపు మచ్చకు కాటుక దిద్దినట్టు నల్లటి అంచు. నేను టార్చి వెలుగులో చూసింది అదే. ఆ పేరు పెట్టిన మనుషులు, ఎవరో గానీ, ఈ పామును ఎంత శ్రద్ధగా చూశారో అనుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మరి మిగతా రెండూ? కొండచిలువ మచ్చలకు ఒక ఆకారం ఉండదు, చిరిగిన గుడ్డముక్కల్లా వంకరటింకరగా ఉంటాయి. తల మీద బాణం ములుకు లాంటి గుర్తు ఉంటుంది. చర్మం నున్నగా మెరుస్తుంది. రక్తపింజర చర్మం గరుకు, మెరుపు ఉండదు. సాండ్ బోవాకు మచ్చలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వీపు పొడవునా వంకర గీతలా సాగుతాయి. మెడ, తల వేరుగా తెలియవు. తోక పొట్టిగా ఉంటుంది. రక్తపింజర తల మాత్రం సన్నని మెడ మీద త్రికోణంలా విడిగా కనబడుతుంది.

చిట్టీ, నువ్వు ఇళ్లలో దూరే పాముల గురించి అడిగావు. అక్కడ పోలిక వల్ల చిక్కు కట్లపాముతో. వుల్ఫ్ స్నేక్ అని ఒక చిన్న పాము గోడలెక్కి బల్లుల్ని తింటుంది. దానికి విషం లేదు. మన ఊళ్లో దాన్నీ కట్లపామనే అంటారు, కనబడితే కొట్టేస్తారు. వుల్ఫ్ స్నేక్ గోధుమ రంగులో ఉంటుంది. తెల్ల పట్టీలు మెడ దగ్గరే వెడల్పుగా మొదలై, తోకవైపు వెళ్లేకొద్దీ మాసిపోతాయి. కట్లపాము నిగనిగలాడే నలుపు. దాని తెల్ల గీతలు సన్నగా, ఎక్కువగా జంటలు జంటలుగా, మెడకు కాస్త దూరంలో మొదలై తోకవైపు స్పష్టమవుతాయి. కానీ కట్లపాము పిల్లలకు మెడ దగ్గర్నుంచే గీతలుంటాయి. కొన్ని పెద్దవాటికి గీతలు దాదాపు కనబడవు. మీ టెక్సాస్‌లో కోరల్ స్నేక్ అనే విషపు పామును గుర్తుపట్టడానికి "ఎరుపు పక్కన పసుపు" అని పాట నేర్పుతారు కదా, అది కూడా అన్ని దేశాల కోరల్ పాములకూ వర్తించదు. ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పకండి. రంగు, మచ్చ, తల, తోక అన్నీ కలిపి చూడాలి, అదీ దూరం నుంచే.

కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, చాలాసార్లు నొప్పే తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, ఆ తర్వాత కనురెప్పలు వాలిపోతాయి. అందుకే మీరు వచ్చినప్పుడు మంచాల మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవాలి.

జెర్రిపోతు, నాగుపాము సంగతి మీకు తెలిసిందే. పడగ విప్పని నాగుపాము జెర్రిపోతులాగే ఉంటుంది. జెర్రిపోతుకు పెదవుల మీద నిలువు నల్ల గీతలు, పెద్ద పెద్ద కళ్లు ఉంటాయి. కోపం వస్తే మెడను పక్కలకు కాకుండా నిలువుగా ఉబ్బిస్తుంది.

ఇంకో సంగతి. అక్కడ మీ పాము బ్రీడర్ దగ్గర పుట్టినది. ఇక్కడి పాములు అడవివి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వీటిని పట్టి పెంచడం, అమ్మడం నేరం. రెండు తలల పాము ఇంట్లో ఉంటే అదృష్టమని చెప్పి లక్షలకు అమ్ముతూ పట్టుబడిన వాళ్ల వార్తలు ఇక్కడి పేపర్లలో చూస్తూనే ఉంటాం. దానికి ఉన్నది ఒకటే తల, రెండోది మొద్దు తోక. ఆ పామును చూస్తే నాకు జాలేస్తుంది.

ఎవరినైనా పాము కరిస్తే కోయకూడదు, పీల్చకూడదు, తాడు బిగించకూడదు. మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. పామును పట్టి తీసుకెళ్లక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటి విషానికీ ఒకటే మందు.

బుజ్జీ, మీ పాము ఈసారి కుబుసం విడిస్తే పారేయకు. వీపు మధ్యలో ఉన్న పొలుసుల వరుసను దగ్గరగా ఫోటో తీసి పంపు. నా దగ్గర పెరట్లో దొరికిన కట్లపాము కుబుసం ఉంది. దాని వీపు మధ్య వరుసలో పొలుసులు పక్కవాటికంటే పెద్దవి, ఒక్కోదానికి ఆరు కోణాలు, తేనెపట్టు గదుల్లా. వేసవికి మీరొచ్చాక ఇద్దరి చేతికీ భూతద్దం ఇస్తాను.

మీ
తాతయ్య