అపోహలు - వాస్తవాలు: నాయకుల ఇళ్ల ఖర్చు మనిషి పేరు మీద ఉండదు, భవనం పేరు మీద ఉంటుంది

పోయిన నెలలో ఒకే రకం కాగితం పట్టుకుని ముగ్గురు మా ఇంటికొచ్చారు. ఒకరు రిటైరైన లెక్కల మాస్టారు, ఒకరు ఎరువుల దుకాణం నడుపుకునే కుర్రాడు, ఇంకొకరు లా చదువుతున్న అమ్మాయి. ముగ్గురూ ఆర్టీఐ అర్జీ పెట్టారు. తమ ప్రజాప్రతినిధి ఉంటున్న ఇంటికి ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టిందో చెప్పమన్నారు. ముగ్గురికీ ఒకటే జవాబు: "మీరు కోరిన సమాచారం ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు."

"దాచేస్తున్నారండీ" అన్నారు మాస్టారు. కుర్రాడేమో "అంటే ఖర్చే పెట్టలేదన్నమాట, అనవసరంగా అనుమానించాను" అనుకుని తేలికపడ్డాడు. ఇద్దరూ పొరబడ్డారు. ఆ అమ్మాయి మాత్రం "ప్రశ్న తప్పా అంకుల్?" అని అడిగింది. అవునమ్మా, ప్రశ్నే తప్పు.

నేను ముప్పై ఏళ్లకు దగ్గరగా ప్రభుత్వ పనుల బిల్లులు చూసే వర్క్స్ అకౌంట్స్‌లో పనిచేశాను. డివిజన్ ఆఫీసులో బిల్లు పాసయ్యే ముందు ఆఖరి సంతకాల్లో ఒకటి నాది. రిటైరయ్యాక ఆర్టీఐ అర్జీలు రాసుకునేవాళ్లకు సాయం చేస్తున్నాను. ఇళ్ల ఖర్చు గురించి వచ్చే పది అర్జీల్లో ఎనిమిది ఈ ఒక్క పొరపాటుతోనే చచ్చిపోవడం చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: "ఫలానా ఎమ్మెల్యే ఇంటికి మొత్తం ఎంత ఖర్చయింది?" అని అడిగితే చెప్పి తీరాలి. చెప్పలేదంటే దాచినట్టు, లేదా ఖర్చు లేనట్టు.

వాస్తవం ఏమిటంటే, అలాంటి లెక్క ఏ ఆఫీసులోనూ కాగితం మీద ఉండదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం సమాచారం అంటే రికార్డుగా ఉన్నది. లేని లెక్కను మీకోసం కూడి, కొత్తగా తయారుచేసి ఇవ్వాల్సిన బాధ్యత అధికారికి లేదని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "ఎందుకు ఇంత ఖర్చు పెట్టారు?" అన్న ప్రశ్న కూడా ఇదే గోడకు తగులుతుంది.

మరి లెక్క ఎక్కడుంటుంది? ముక్కలుగా ఉంటుంది. కట్టడం, మరమ్మతులు, రంగులు, టైల్స్, ప్రహరీ ఆర్ అండ్ బి (రోడ్లు, భవనాల శాఖ) డివిజన్‌లో ఉంటాయి. పద్దుల్లో చూస్తే ప్రభుత్వ నివాస భవనాలు 2216 మేజర్ హెడ్ (ఖర్చు రాసే ప్రధాన పద్దు) కింద, కొత్త కట్టడమైతే 4216 కింద, ఆఫీసు భవనం అన్నారంటే 2059, 4059 కింద పడతాయి. ఇల్లూ ఆఫీసూ కలిసిన భవనమైతే ఏ పద్దులో వేశారన్నదే మొదట తేల్చుకోవాలి. ఫర్నిచరు చాలాసార్లు సాధారణ పరిపాలన శాఖ మంజూరు చేస్తుంది. కరెంటు బిల్లు డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర. భద్రత కోసం పెట్టిన గేట్లూ కెమెరాలూ ఇంకో శాఖలో ఉండొచ్చు. వీటిలో ఏ ఫైలు మీదా నాయకుడి పేరు పెద్దక్షరాల్లో ఉండదు. "క్వార్టర్ నంబరు ఫలానా, మరమ్మతులు" అని ఉంటుంది. మీరు మనిషి పేరుతో అడుగుతారు, గుమస్తా భవనం పేరుతో వెతుకుతాడు. ఇద్దరూ ఎన్నటికీ కలవరు. అందులో దురుద్దేశం ఉండనక్కర్లేదు. దురుద్దేశం ఉన్నవాడికైతే మీ ప్రశ్నే చేతికి తాళం అందించినట్టు.

కాబట్టి భవనం పేరు రాయండి, ఆర్థిక సంవత్సరాలు రాయండి. ఆ భవనం ఏ డివిజన్ పరిధిలో ఉందో కనుక్కుని అక్కడి పౌర సమాచార అధికారికే పెట్టండి. అడగాల్సింది మొత్తం కాదు, కాగితాలు: ఆ భవనం మీద ఆ సంవత్సరాల్లో మంజూరైన అంచనాలు, పరిపాలనా మంజూరు ఉత్తర్వులు, అగ్రిమెంట్లు, రిజిస్టర్ ఆఫ్ వర్క్స్‌లో సంబంధిత పేజీలు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు, పాసైన బిల్లుల వోచర్లు. కూడిక మీరే చేసుకోండి. ఒక శాఖకు పెట్టిన అర్జీ ఇంకో శాఖదైతే అయిదు రోజుల్లో బదిలీ చేయాలని సెక్షన్ 6(3) చెబుతుంది, నిజమే. కానీ సమాచారం నాలుగు శాఖల్లో చెదిరి ఉంటే "విడివిడిగా దరఖాస్తు చేసుకోండి" అన్న జవాబే వస్తుంది. మొదటే విడివిడిగా పెడితే రెండు నెలలు కలిసొస్తాయి. జిల్లా, రాష్ట్ర స్థాయి ఆఫీసుల్లో అర్జీకి పది రూపాయలే కదా.

ఇంకొకటి అడగడం మరిచిపోకండి: నోట్ ఫైల్, అంటే ఫైలు మీద అధికారులు ఒకరి తర్వాత ఒకరు రాసే అభిప్రాయాలు. ఇది నా గుండెల్లో ఉన్న విషయం. చాలా ఏళ్ల కిందట ఒక మంత్రి గారికి కేటాయించిన క్వార్టర్‌లో ఫ్లోరింగ్ మార్చాలని ఫైలొచ్చింది. అంతకు ముందు ఏడాదే వేసిన టైల్స్ అవి. "నిరుడు వేసినదాన్ని తీసేయడానికి కారణం రికార్డు చేయలేదు" అని అభ్యంతరం రాశాను. పైనుంచి "అత్యవసరం" అన్న ఒక్క మాటతో ఫైలు తిరిగొచ్చింది, బిల్లు పాసైంది. నా అభ్యంతరం, పైవారి మాట, రెండూ ఆ నోట్ ఫైల్లోనే ఉన్నాయి. అప్పటికే ఆర్టీఐ చట్టం అమల్లో ఉంది. ఎవరైనా అడుగుతారని ఎదురుచూశాను. నేను రిటైరయ్యేదాకా ఒక్కరూ అడగలేదు. బిల్లు ఖర్చు ఎంతో చెబుతుంది, వద్దన్నది ఎవరో, కానిమ్మన్నది ఎవరో నోట్ ఫైల్ చెబుతుంది.

మాస్టారి సంగతికొస్తాను. వాళ్ల నియోజకవర్గంలో ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు ఉంది. తెలంగాణలో చాలా నియోజకవర్గాల్లో ఆర్ అండ్ బి కట్టినవే, కింద ఆఫీసు, పైన ఇల్లు. దాంట్లో స్విమ్మింగ్ పూల్ కట్టారని ఊళ్లో వాట్సాప్ నిండా ప్రచారం. మాస్టారు ఏడాదిన్నరగా ఆ పూల్ వెంటే పడి ఉన్నారు. అర్జీ మార్చి రాశాం, రికార్డుల పరిశీలన కూడా కోరాం. సెక్షన్ 2(జె) కింద అది మన హక్కు, మొదటి గంటకు ఫీజు కూడా లేదు. నేనూ తోడు వెళ్లాను. స్విమ్మింగ్ పూల్ లేదు. ఉన్నది మంచినీళ్ల సంపు. ఎవరో పైనుంచి ఫొటో తీసి పంచారు, అంతే.

మాస్టారి ముఖం వాడిపోయింది. "ఉండండి" అని ఎం-బుక్కులు రెండూ పక్కపక్కన పెట్టించాను. తూర్పు వైపు ప్రహరీ గోడ ఒక అంచనాలో ఉంది, ఎనిమిది నెలల తర్వాతి ఇంకో అంచనాలోనూ ఉంది. అదే పొడవు, అదే ఎత్తు. అక్కడ నిలబడి ఉన్నది ఒక్కటే గోడ. నకళ్లు తీసుకుని పై ఇంజనీరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాం. కాంట్రాక్టరుకు రావాల్సిన తర్వాతి బిల్లులో ఆ మొత్తం కోత పడింది. ఊళ్లో ఇప్పటికీ పూల్ కబుర్లే చెప్పుకుంటున్నారు, గోడ సంగతి ఎవరికీ పట్టలేదు. దయచేసి ఫార్వర్డులు పంచడం ఆపండి. మీరు లేని పూల్ గురించి అరుస్తుంటే, ఉన్న గోడకు రెండుసార్లు డబ్బు తీసుకున్నవాడు హాయిగా ఉంటాడు.

ఇలాంటిదే పెద్ద స్థాయిలో బ్రిటన్‌లో జరిగింది. పార్లమెంటు సభ్యుల అలవెన్సుల మొత్తాలు 2004 నుంచే ప్రకటిస్తున్నారు, పెద్దగా ఎవరూ కదల్లేదు. 2009 మే నెలలో ఒక్కొక్కరి రసీదులు, క్లెయిములు ఒక దినపత్రిక చేతికి చిక్కి అచ్చయ్యాకే దేశం ఊగిపోయింది. డేవిడ్ చేటర్ అనే సభ్యుడు తన సొంత ఫ్లాటుకే అద్దె కడుతున్నట్టు క్లెయిమ్ చేసుకున్నాడు. 2011లో పద్దెనిమిది నెలల జైలుశిక్ష పడింది. మొత్తాల పట్టికలో ఆ అద్దె మామూలు అద్దెలాగే కనబడుతుంది. ఒప్పంద పత్రం చూస్తేనే ఇంటి యజమాని ఎవరో తెలుస్తుంది.

అపోహ: ఇల్లు కాబట్టి వ్యక్తిగత సమాచారం, నాయకుడు కాబట్టి భద్రత. అడగకూడదు.

ప్రభుత్వ భవనానికి ప్రభుత్వం కట్టిన బిల్లు ఎవరి వ్యక్తిగతమూ కాదు. అయితే ఇక్కడ ఒక మార్పు తెలుసుకోవాలి. వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే ఆర్టీఐ సెక్షన్ 8(1)(జె)ని డేటా పరిరక్షణ చట్టం ద్వారా మార్చారు, అది 2025 నవంబరు 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఇదివరకు ఆ సెక్షన్‌లోనే ఉన్న ప్రజాప్రయోజనం మాట తీసేశారు. ఇప్పుడు కొందరు అధికారులు ఏదడిగినా "వ్యక్తిగతం" అని ఒక్క ముక్కలో తోసేస్తున్నారు. నాకు ఇది చాలా బాధగా ఉంది. కానీ సెక్షన్ 8(2) ఇంకా ఉంది, ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు. మొదటి అప్పీలులో దాన్ని తప్పకుండా ఉదహరించండి. భద్రత అన్నారంటే ఇంటి ప్లానూ కెమెరాల చోట్లూ మినహాయించి మిగతావి ఇమ్మని సెక్షన్ 10 కింద అడగండి. గ్రానైటు ధర చెబితే ఎవరి ప్రాణానికీ ముప్పు రాదు.

అపోహ: ఒకసారి ముఖ్యమంత్రి అయితే జీవితాంతం బంగళా ఇస్తారు.

ఉత్తరప్రదేశ్‌లో అలాగే ఇచ్చేవారు. లోక్ ప్రహరి అనే సంస్థ పోరాడితే 2016 ఆగస్టులో సుప్రీంకోర్టు కాదంది. ప్రభుత్వం చట్టం సవరించి మళ్లీ ఇచ్చింది, 2018 మే 7న ఆ సవరణనూ కోర్టు కొట్టేసింది. 2019లో పాట్నా హైకోర్టు బిహార్‌లో అదే చెప్పింది. ఉత్తరాఖండ్‌లో మాజీ ముఖ్యమంత్రులు మార్కెట్ రేటున అద్దె కట్టాలని హైకోర్టు ఆదేశిస్తే, ఆ బకాయిలు మాఫీ చేసేందుకు చట్టం తెచ్చారు. 2020లో దాన్నీ కోర్టు కొట్టేసింది. ఇవన్నీ చిన్న సంస్థలూ వ్యక్తులూ ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగితే వచ్చిన తీర్పులు.

అపోహ: బకాయిలు వాళ్లూ ఆఫీసులూ చూసుకుంటాయి, మనకెలా తెలుస్తుంది?

తెలుస్తుంది, అర్జీ కూడా అక్కర్లేదు. ఎన్నికల నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ చూడండి. గత పదేళ్లలో ప్రభుత్వ వసతిలో ఉన్నారా, ఉంటే అద్దె, కరెంటు, నీళ్లు, టెలిఫోను బకాయిలు లేవన్న ధ్రువపత్రం ఉందా అన్న కాలమ్ ఉంటుంది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆస్తుల పేజీ చదివి ఆపేస్తారు అందరూ, ఈ కాలమ్ దాకా రారు.

అపోహ: ప్రభుత్వ సొమ్ముతో ఇంట్లో ఏసీ పెట్టారంటే అవినీతే.

కాదు. వసతి వాళ్లకు చట్టం ఇచ్చిన హక్కు. పార్లమెంటు సభ్యుడికి ఏడాదికి 50,000 యూనిట్ల కరెంటు, 4,000 కిలోలీటర్ల నీళ్లు ఉచితమని నిబంధనల్లోనే ఉంది. అది ఎక్కువనిపిస్తే నిబంధన మార్చమని అడగండి, వాడుకున్న మనిషిని దొంగ అనకండి. నిబంధన దాటిన చోట పట్టుకోవాలి: మంజూరుకు మించి ఖర్చు, పైఅధికారి మంజూరు తప్పించుకోడానికి ఒకే పనిని ముక్కలు చేయడం, ఖాళీ చేసేటప్పుడు సామాన్ల జాబితా సరిచూడకపోవడం.

అపోహ: అడిగితే ఇబ్బంది పెడతారు.

ఈ భయాన్ని అపోహ అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అడిగినందుకు దెబ్బలు తిన్నవాళ్లున్నారు ఈ దేశంలో. అందుకే చెబుతున్నాను: కారణం రాయనక్కర్లేదు, సెక్షన్ 6(2) అదే చెబుతుంది. ఇంటి అడ్రసు బదులు పోస్టు బాక్సు నంబరు ఇవ్వొచ్చని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది. పరిశీలనకు ఒంటరిగా వెళ్లకండి. ఊళ్లో ఎవరికీ ముందుగా చెప్పకండి, పరిశీలన అయ్యాక చెప్పండి. ఆ లా చదివే అమ్మాయికి వాళ్ల నాన్న వద్దన్నారట. ఆయనతో నేనే మాట్లాడాను. ఆయన భయం న్యాయమైనదే. అర్జీ నా పేరున పెట్టాం.

గడువుల సంగతి: జవాబుకు ముప్పై రోజులు, రాకపోతే మొదటి అప్పీలు, తర్వాత తొంభై రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లే లేక అప్పీళ్లు పేరుకుపోయాయి. కాబట్టి రెండో అప్పీలు మీద ఆశ పెట్టుకోకుండా మొదటి అర్జీనే గట్టిగా రాయండి. మంజూరు ఉత్తర్వు నంబరు దొరికితే సగం పని అయినట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలు (ప్రభుత్వ ఉత్తర్వులు) ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మధ్య మూడేళ్ల జీవో ఆన్‌లైన్‌లో దొరక్కపోతే అర్జీలోనే నకలు అడగండి.

ఎరువుల దుకాణం కుర్రాడు నిన్న మళ్లీ వచ్చాడు. క్యాంపు ఆఫీసు గేటు పక్క గోడకు కరెంటు మీటర్లు మూడున్నాయట. రోడ్డు మీద నిలబడే సర్వీసు నంబర్లు రాసుకొచ్చాడు. ఆ మూడు సర్వీసులు ఎవరి పేరున ఉన్నాయి, మూడేళ్ల బిల్లులు ఏ శాఖ కట్టింది అని డిస్కమ్‌కు అర్జీ రాసిచ్చాను. సోమవారం స్పీడ్ పోస్టులో వేస్తానన్నాడు.